పదమూడేళ్లు నిలబడే కొలువు

కోనేరు హంపి 1987లో గుడివాడలో పుట్టారు. పదిహేనేళ్లు నిండిన రెండు నెలల లోపే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అప్పటికి ప్రపంచంలో ఏ అమ్మాయీ అంత చిన్న వయసులో ఆ హోదా అందుకోలేదు. 2019లోనూ, మళ్లీ 2024లోనూ ర్యాపిడ్ చెస్‌లో ప్రపంచ విజేతగా నిలిచారు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచారు. కృష్ణా తీరపు ఆడపిల్లల్లో సత్తా ఉందా అన్న ప్రశ్నకు ఈ రెండు పేర్లు చాలు. అయితే ఆ సత్తా ఏ దారిన పైకి వచ్చిందో కూడా చూడాలి. హంపి తండ్రి అశోక్ అధ్యాపక ఉద్యోగం వదులుకుని కూతురికి గురువయ్యారు. 2006లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. ఇల్లే బడి, నాన్నే కోచ్. బాస్కెట్‌బాల్‌కు ఆ దారి లేదు. కోర్టులో అయిదుగురు, బెంచీ మీద ఏడుగురు. పన్నెండు ఇళ్ల నుంచి వచ్చిన పన్నెండు మంది రెండు మూడేళ్లు కలిసి ఆడితే తప్ప జట్టు అనేది ఏర్పడదు. ఒక్క కుటుంబం ఎంత త్యాగం చేసినా ఆ పని జరగదు. అది కళాశాల చేయాల్సిన పని, ఆ కళాశాలలో ఏళ్ల తరబడి కదలకుండా ఉండే కోచ్ చేయాల్సిన పని. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మాట ఎత్తితే కోర్టు లేదంటారు, డబ్బు లేదంటారు, పిల్లలు రారంటారు. నా వాదన వేరు. ఇక్కడ లేనిది ఒక మహిళ జీవితకాలం చేయదగిన కోచ్ కొలువు. అది ఉంటే మిగతావి నెమ్మదిగా సమకూరుతాయి. అది లేకుండా కోర్టు వేసినా రెండేళ్లకు దాని మీద వడ్లు ఆరబోస్తారు.

మన కళాశాలల్లో ఈ మనిషికి ఉన్న పేరు పీడీ, అంటే ఫిజికల్ డైరెక్టర్. పిల్లల నోట పీడీ మేడమ్, పీడీ సార్. కాగితం మీద ఇది చిన్న ఉద్యోగమేమీ కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కళాశాల ఫిజికల్ డైరెక్టర్‌ది అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానమైన స్థాయి, 57,700 రూపాయల మూలవేతనంతో మొదలవుతుంది. పీజీలో 55 శాతం మార్కులుండాలి, నెట్ గానీ సెట్ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి, తను ఆడిన దాఖలా చూపాలి, దేహదారుఢ్య పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్షలో ముప్ఫై ఏళ్ల లోపు మహిళ ఎనిమిది నిమిషాల్లో 1000 మీటర్లు పూర్తి చేస్తే సరిపోతుంది. గంటకు ఏడున్నర కిలోమీటర్లన్నమాట, మెల్లగా పరుగెత్తే వేగం. ఆమె ఒక అమ్మాయికి పాస్ ఇవ్వడం నేర్పగలదా, జట్టును నడపగలదా అని కొలిచే పరీక్ష మాత్రం లేదు. పదోన్నతి నిబంధనలు చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అక్కడ లెక్కలోకి వచ్చే అంశాల్లో ఒకటి, కళాశాల నుంచి కనీసం ఒక్క విద్యార్థి విశ్వవిద్యాలయ, రాష్ట్ర లేదా జాతీయ జట్టులో ఆడటం. ఒక్క విద్యార్థి! బయట ఎక్కడో నేర్చుకుని వచ్చిన అమ్మాయిని సెలక్షన్లకు పంపిన పీడీకీ, ఏమీ తెలియని పన్నెండు మందిని మూడేళ్లు తీర్చిదిద్దిన పీడీకీ ఆ గడిలో పడేది ఒకటే టిక్కు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు చూపేది కూడా పతకాల సంఖ్యే; ఏడాది పొడవునా సాయంత్రాలు జరిగిన సాధనకు ఆ పట్టికలో చోటు లేదు.

ఇక వాడుకలో ఈ కొలువు ఎలా ఉంటుందో కళాశాల గుమ్మం తొక్కిన ప్రతివారికీ తెలుసు. కబడ్డీ నుంచి చెస్ దాకా అన్ని ఆటలకూ ఒక్కరే పీడీ. ఆగస్టు 15కి కవాతు ఆమే చేయించాలి, వార్షికోత్సవానికి వేదిక దగ్గర క్రమశిక్షణ ఆమే చూడాలి, పరీక్షలకు ఇన్విజిలేషన్, వేసవిలో ప్రవేశాల కోసం ఊళ్లు తిరగడం, జట్టు బయలుదేరితే టీఏ, డీఏ కాగితాల చుట్టూ ప్రిన్సిపాల్ గదికీ ఆఫీసుకూ మధ్య నడక. ఇదంతా అయ్యాక మిగిలిన గంటలో కోచింగ్. శాశ్వత పోస్టులో ఉన్నవారి స్థితి ఇది. ఎయిడెడ్ కళాశాలల్లో పదవీ విరమణ చేసిన వారి స్థానాలు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే ప్రక్రియ మొదలయ్యాక పాత కళాశాలల మైదానాలు మరింత ఒంటరివయ్యాయి. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని కాంట్రాక్టు మీద, లేదా గెస్ట్ పేరుతో సాగుతోంది. వచ్చే జూన్‌లో తను అక్కడ ఉంటుందో లేదో తెలియని మనిషి మొదటి సంవత్సరం అమ్మాయితో మూడేళ్ల ప్రణాళిక ఎలా వేస్తుంది?

కోచ్ కొలువు నిలబడితే ఏం జరుగుతుందో చూపే జీవితం ఒకటుంది. ప్యాట్ సమ్మిట్ 1952లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టింది. పొగాకు తోటల్లో, ఎండుగడ్డి మోపుల మధ్య అన్నలతో సమానంగా పనిచేస్తూ పెరిగింది. తమ ఊరి హైస్కూలులో అమ్మాయిల జట్టు లేదని ఆ కుటుంబం జట్టు ఉన్న పక్క జిల్లాకు ఇల్లే మార్చింది. 1974లో, ఇరవై రెండేళ్ల వయసులో, పీజీ చదువుకుంటూ సహాయకురాలిగా పనిచేయడానికి టెనెసీ విశ్వవిద్యాలయానికి వెళితే, ఉన్న కోచ్ సెలవు మీద వెళ్లడంతో జట్టు మొత్తం ఆమె చేతికొచ్చింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టు వ్యాను తనే నడిపింది, జెర్సీలు తనే ఉతికింది. ఆ జెర్సీలు కూడా పిల్లలు డోనట్లు అమ్మి పోగేసిన డబ్బుతో కొన్నవి. ఆడే అమ్మాయిల్లో కొందరు ఆమెకంటే ఒక్క ఏడాదే చిన్న. మొదటి మ్యాచ్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. 1976 ఒలింపిక్స్‌లో, మహిళల బాస్కెట్‌బాల్‌కు మొదటిసారి చోటు దొరికినప్పుడు, క్రీడాకారిణిగా రజతం. 1984లో అదే దేశ జట్టుకు కోచ్‌గా స్వర్ణం. అయినా కళాశాలల జాతీయ టైటిల్ మాత్రం 1987లో గానీ రాలేదు. అది ఆమె పదమూడో సీజన్. ఆ తర్వాత మరో ఏడు టైటిళ్లు వచ్చాయి. 2012లో తప్పుకునే నాటికి 38 సీజన్లు, 1,098 విజయాలు, 208 ఓటములు. 2006 నాటికి ఏడాది జీతం పది లక్షల డాలర్లు దాటింది. ఆ మెట్టు ఎక్కిన మొదటి మహిళా బాస్కెట్‌బాల్ కోచ్ ఆమే.

ఈ కథను మన పత్రికలు చెప్పినప్పుడు 250 డాలర్ల నుంచి పది లక్షలకు అన్న చోట ఆగిపోతాయి. నాకు అంతకంటే విలువైనవిగా కనిపించేవి రెండున్నాయి. ఒకటి, తరగతిలో ఆమె పిల్లలు మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలన్న నియమం. ఆమె దగ్గర తమ ఆట కాలం పూర్తి చేసిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. ఆట వల్ల చదువు పోతుందని భయపడే తల్లిదండ్రులకు ఇంతకంటే గట్టి సమాధానం నాకు తెలియదు. రెండోది ఆ పదమూడేళ్లు. ఆ కాలంలో విశ్వవిద్యాలయం ఆమెను మార్చలేదు, ‘టైటిల్ ఏదీ?’ అని ఇంటికి పంపలేదు. ఆమె రావడానికి రెండేళ్ల ముందే, 1972లో, చదువుకునే చోట ఆడపిల్లల పట్ల వివక్ష కూడదన్న చట్టం వచ్చింది. టైటిల్ నైన్ అంటారు దాన్ని. ఆ చట్టం మైదానాలు కట్టించలేదు, టైటిళ్లు తెప్పించలేదు. ఆడపిల్లల జట్టును నడపడం ఎవరి తీరిక వేళ వ్యవహారమో కాదని, విద్యాసంస్థ బాధ్యత అని తేల్చింది. ఆ నీడలోనే తీరిక వేళ పని పూర్తికాలపు ఉద్యోగమైంది.

పదమూడేళ్లు ఎందుకు పడతాయో మన నేల మీద నిలబడి లెక్క వేద్దాం. మొదట బంతి. మగపిల్లల బంతి సైజు 7, ఆడపిల్లలది సైజు 6. చుట్టుకొలతలో దాదాపు అంగుళం తక్కువ, బరువూ తక్కువ. అమెరికా కళాశాలలు 1984లోనే ఈ చిన్న బంతికి మారాయి, అంతర్జాతీయ సమాఖ్య 2004లో మారింది. కొనుగోలు ఇండెంట్‌లో ‘బాస్కెట్‌బాల్స్ 2’ అని మాత్రమే రాస్తే దుకాణం పంపేది సైజు 7. దాన్ని పట్టుకున్న అమ్మాయి అరచేయి బంతి కిందకు పూర్తిగా రాదు. పది అడుగుల ఎత్తున్న రింగుకు బంతి చేరాలంటే రెండు చేతులతో ఛాతీ దగ్గర నుంచి నెట్టాలి. నెట్టేటప్పుడు నడుము వెనక్కి వాలుతుంది, మోచేతులు బయటికి విచ్చుకుంటాయి. ఆ అలవాటు ఒక సీజన్‌లో పడుతుంది, వదిలించడానికి రెండు సీజన్లు కావాలి. ఇండెంట్‌లో ‘సైజు 6’ అని రాయించడం తెలిసిన మనిషి అక్కడ ఉండటమే మొదటి శిక్షణ.

తర్వాత మోకాలు. ఎగిరి రీబౌండ్ అందుకుని నేల మీద దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకుంటే లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగవచ్చు. బాస్కెట్‌బాల్‌లో ఈ గాయం అబ్బాయిల కంటే అమ్మాయిలకు సుమారు మూడు రెట్లు ఎక్కువని అమెరికా కళాశాలల లెక్కలు చెబుతున్నాయి. సరిగ్గా దిగడం నేర్పితే దీన్ని చాలావరకు తగ్గించవచ్చు. రెండు పాదాలూ ఒకేసారి నేలకు తగలాలి, మోకాలు కాలివేళ్ల దిశలోనే వంగాలి, చప్పుడు రాకుండా దిగాలి. ప్రతి సాయంత్రం పది నిమిషాలు, నెలల తరబడి చేయిస్తేనే ఒంటికి పడుతుంది. పోటీలకు కొద్ది రోజుల ముందు శిబిరం పెట్టి పంపే పద్ధతిలో ఇది అసాధ్యం. ఇక రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తం తక్కువ. రెండో క్వార్టర్‌లోనే ఆయాసపడే అమ్మాయిని చూసి దమ్ము లేదని పక్కన కూర్చోబెట్టే కోచ్ ఒకరు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి మూడు నెలల తర్వాత మళ్లీ కోర్టులోకి దింపే కోచ్ ఒకరు. రెండో రకం కోచ్ కావాలంటే ఆ మూడు నెలలూ ఆమె అక్కడే ఉండాలి.

అన్నిటికంటే పెద్ద గండి ఇంటర్. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూలులో పీఈటీ పుణ్యమా అని స్కూల్ గేమ్స్‌కు వెళ్లిన అమ్మాయి, పదహారో ఏట రెసిడెన్షియల్ కళాశాలలో చేరి రెండేళ్లు బంతి ముఖం చూడదు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ ఆ రెండేళ్ల దినచర్య మారలేదు. శరీరం ఆటకు బాగా అలవాటు పడాల్సిన వయసు కుర్చీలో గడిచిపోతుంది. డిగ్రీలో చేరిన ఆ అమ్మాయిని పీడీ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కించాలి. ఏ పాదం నేల మీద నిలపాలి, ఏ పాదం తిప్పాలి అన్న దగ్గర నుంచి మొదలుపెడితే, ఆమె జట్టుకు అక్కరకొచ్చేసరికి మూడో సంవత్సరం వస్తుంది. అంటే ఒక కోచ్ తన పద్ధతి ఫలించిందో లేదో ఒక్కసారి చూసుకోవడానికే మూడేళ్లు. తప్పు దిద్దుకుని మళ్లీ చూడటానికి ఇంకో మూడేళ్లు. మూడో విడతకు గానీ సీనియర్లు జూనియర్లకు నేర్పే వాతావరణం రాదు. సమ్మిట్ పదమూడేళ్లు ఊరికే పట్టలేదు.

ఈ లెక్కలో తల్లిదండ్రుల నమ్మకాన్ని కూడా కలపాలి. నాగాయలంక నుంచో కోడూరు నుంచో వచ్చే అమ్మాయి సాధన ఎన్నింటికి ఆపాలో నిర్ణయించేది కోచ్ కాదు, ఊరికి వెళ్లే చివరి బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో మహిళలకు ఛార్జీ లేదు, అది మంచి మార్పు. అయినా బస్సు వేళ వేళే. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీల కోసం పిల్లను మూడు రోజులు మరో రాష్ట్రం పంపాలంటే తండ్రి అడిగే మొదటి ప్రశ్న ‘మేడమ్ కూడా వెళ్తున్నారా?’ అని. ఆ నమ్మకం కళాశాల బోర్డు మీద పేరు చూసి రాదు. అక్క వెళ్లి క్షేమంగా తిరిగొస్తే చెల్లి వెళుతుంది. ఒక ఊరి నుంచి ఒకమ్మాయి వస్తే మరుసటేడు ఆమె పెదనాన్న కూతురు వస్తుంది. దివిసీమ లాంటి చోట, కృష్ణ పాయలకూ సముద్రానికీ మధ్య ఊళ్లన్నీ బంధుత్వాలతో అల్లుకున్న చోట, ఇది ఇంకా నిజం. ఏడాదికొక కొత్త గెస్ట్ పీడీ వచ్చే కళాశాలలో ఆ నమ్మకం ప్రతి జూన్‌లోనూ సున్నా దగ్గర మొదలవుతుంది.

ఇది మన ఆట కాదనే అభ్యంతరం ఒకటుంది. కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్ ఉండగా ఈ రింగుల ఆట మనకెందుకు? ఆ ఆటలంటే నాకూ గౌరవమే. శాశ్వత కోచ్ అవసరం గురించి నేను చెప్పేదంతా వాటికీ వర్తిస్తుంది. కానీ ఆట పుట్టిన ఊరును బట్టి సొంతం పరాయి అనుకుంటే క్రికెట్‌ను ఏమనాలి? బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ కళాశాలలో పుట్టింది. ఏడాది తిరిగేసరికి సెండా బెరెన్సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని స్మిత్ కళాశాల అమ్మాయిల చేత ఆడించింది. లిథువేనియా నుంచి వలస వచ్చిన కుటుంబం ఆమెది. అంటే మహిళల బాస్కెట్‌బాల్ మొదటి నుంచీ కళాశాల ఆటే, వ్యాయామ ఉపాధ్యాయిని చేతి చలువే. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల లాంటి చోట్ల నుంచి ఈ ఆట మన దక్షిణాదిలో పాతుకుంది. నూరేళ్లు దాటిన బంధాన్ని ఇంకా పరాయిదనడం న్యాయం కాదు.

పైగా డెల్టా నేలకు ఈ ఆట కుదిరినంతగా మరొకటి కుదరదని నా నమ్మకం. మన బంక నేల మైదానం వానాకాలంలో కాలు దిగబడుతుంది, వేసవిలో నెర్రెలిస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో నీరు తీయడానికే వారం పడుతుంది. సరిగ్గా ఆ కాలంలోనే అంతర్ కళాశాల పోటీలు. సిమెంటు కోర్టు అయితే వాన వెలిసిన గంటకల్లా ఆరిపోతుంది. కోర్టు కొలత 28 మీటర్లకు 15 మీటర్లు. మన లెక్కలో దాదాపు పదిన్నర సెంట్లు. చుట్టూ రెండేసి మీటర్లు వదిలినా సుమారు పదిహేను సెంట్లే. రెండు పంటలు పండే పొలాల మధ్య ఎకరాల కొద్దీ మైదానం అడగడం కష్టమే గానీ పదిహేను సెంట్లు అడగడం కష్టం కాదు. బందరు (మచిలీపట్నం) ఉప్పుగాలికి రింగు బోల్టులు తుప్పు పడతాయి, ఏటా రంగు వేయించాలి, రెండేళ్లకోసారి బోల్టులు మార్చాలి. అది గుర్తుపెట్టుకుని చేయించేది కూడా అక్కడే ఉండే మనిషే.

రెండో అభ్యంతరం గట్టిది. అమెరికాలో చట్టం ఉంది, టీవీ డబ్బు ఉంది, స్కాలర్‌షిప్పులున్నాయి. బందరు కళాశాలను టెనెసీతో పోల్చడం సబబేనా? ఈనాటి టెనెసీతో పోల్చడం సబబు కాదు. కానీ వివియన్ స్ట్రింగర్ పనిచేసిన చెయినీతో పోల్చవచ్చు. పెన్సిల్వేనియాలోని ఆ చిన్న కళాశాల నల్లజాతీయుల చదువు కోసం వెలసినది. బొగ్గుగని కార్మికుడి కూతురు స్ట్రింగర్ అక్కడ పాఠాలు చెప్పే ఉద్యోగం చేస్తూ జీతం లేకుండా జట్టును చేపట్టింది. పదేళ్ల తర్వాత 1982లో, అమెరికా కళాశాలల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ మహిళలకు మొదటిసారి జరిపిన జాతీయ టోర్నీలో ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. సంపన్న విశ్వవిద్యాలయాలు చాలా ఇళ్లకు వెళ్లిపోయిన రోజున చెయినీ కోర్టులో ఉంది. ఆమె ఆ తర్వాత అయోవా, రట్‌గర్స్ జట్లను నడిపి వెయ్యికి పైగా విజయాలతో 2022లో విరమించింది. అయితే ఈ ఉదాహరణను మన యాజమాన్యాలు ‘చూశారా, జీతం లేకుండా కూడా చేయొచ్చు’ అని చదువుకోకూడదు. స్ట్రింగర్‌కు కింద పాఠాలు చెప్పే ఉద్యోగం ఉంది. ఆ భరోసా మీద నిలబడే ఆమె పదేళ్లు పనిచేయగలిగింది.

మన ఇంజినీరింగ్ ఇళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ సోనియా రామన్. భారత మూలాలున్న ఈమె న్యాయశాస్త్రం చదివి, లాయరుగా పనిచేసి, ఆ వృత్తి వదిలి ప్రపంచ ప్రసిద్ధ సాంకేతిక విద్యాలయం ఎంఐటీలో మహిళల జట్టుకు కోచ్ అయ్యారు. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్పు లేదు. జట్టు పేరే ఇంజినీర్స్. 2008 నుంచి 2020 దాకా పన్నెండేళ్లు అక్కడే ఉన్నారు. ఆ జట్టు చరిత్రలో ఏ కోచ్‌కూ లేనన్ని, 152 విజయాలు సాధించారు. కాన్ఫరెన్సు (కళాశాలల ప్రాంతీయ కూటమి) టైటిళ్లు 2018లో, 2019లో వచ్చాయి, అంటే చివరి మూడేళ్లలో. అక్కడి నుంచి ఎన్‌బీఏలో పురుషుల జట్టుకు సహాయ కోచ్‌గా వెళ్లారు. 2025లో మహిళల ప్రొఫెషనల్ జట్టు సియాటిల్ స్టార్మ్ ఆమెను ప్రధాన కోచ్‌గా తీసుకుంది. చదువే ప్రాణమైన కళాశాలలో ఆట నిలవదన్న వాళ్లు ఈ పన్నెండేళ్లను చూడాలి.

స్పోర్ట్స్ కోటా ఉంది కదా, రైల్వేలున్నాయి కదా అనేవారూ ఉన్నారు. మన రాష్ట్ర క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది, సంతోషం. చెన్నైకి చెందిన అనితా పాల్‌దురై దేశ జట్టుకు సారథ్యం వహించి 2021లో పద్మశ్రీ అందుకునే దాకా ఆమెకు అన్నం పెట్టింది దక్షిణ రైల్వే ఉద్యోగమే. కానీ కోటా ఆటగత్తెకు ఉద్యోగమిస్తుంది గానీ ఆటకు మనిషిని ఇవ్వదు. సర్టిఫికెట్ చూపి టీచరుగానో గుమస్తాగానో చేరిన అమ్మాయి కోర్టుకు తిరిగి రావడానికి దారి ఉండాలి కదా. బీపీఎడ్, ఎంపీఎడ్, నెట్ లేదా సెట్, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా, అక్కడి నుంచి తన జిల్లా కళాశాలలో పీడీ మేడమ్. ఈ దారి తెరిస్తేనే నేర్చుకున్నది ఇక్కడే మిగులుతుంది. నారు పోసిన చోటే విత్తనం కూడా కట్టుకోవాలని మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అకాడమీలు పెడితే సరిపోతుందన్న మాటకూ ఇదే జవాబు: అకాడమీ పన్నెండేళ్ల వయసులో ఏరుకుని తీసుకుపోతుంది, ఏరివేతలో మిగిలిన వందల మందికి బస్సు దూరంలో ఉన్నది డిగ్రీ కళాశాల ఒక్కటే.

మహిళా కోచే ఎందుకు, ఎవరైనా మంచి కోచ్ చాలదా? చాలామంది మంచి కోచ్‌లు మగవాళ్లే, హంపి తండ్రి సహా. అయినా ఒక హెచ్చరిక చరిత్రలో ఉంది. 1972లో అమెరికా కళాశాలల మహిళల జట్లకు 90 శాతానికి పైగా మహిళలే కోచ్‌లు. చట్టం వచ్చి జీతాలు పెరిగాక, 2014 నాటికి అది 43 శాతానికి పడిపోయింది. జీతం లేనంత కాలం ఆడవాళ్ల పని, జీతం వచ్చాక అందరి పని. ఇక్కడ కొలువు తయారుచేసేటప్పుడే ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. మన పల్లెల నుంచి పిల్లలు ప్రయాణానికి కదలాలంటే ముందు మేడమ్ కదలాలి.

చేయడానికి వీలున్న పని ఇది. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో మచిలీపట్నంలో ఏర్పడింది. అంతకుముందు ఈ కళాశాలలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద గుంటూరు వారితో పోటీపడేవి. ఇప్పుడు ప్రతి ఏటా సౌత్ జోన్‌కు వెళ్లే విశ్వవిద్యాలయ జట్టులోని పన్నెండు స్థానాలు ఇక్కడి పిల్లలవే, విజయవాడ వారితో పోటీపడి గెలుచుకోగలిగితే. మచిలీపట్నంలో హిందూ కళాశాల, నోబుల్ కళాశాల ఉన్నాయి. గుడివాడలో ఏఎన్ఆర్ కళాశాల, అవనిగడ్డలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నాయి. ఈ మూడు చోట్లకూ కలిపి పూర్తికాలపు మహిళా కోచ్ ఒక్కరిని విశ్వవిద్యాలయమే నియమించాలి, ఇన్విజిలేషన్ లేకుండా, కవాతు లేకుండా, కనీసం ఆరేళ్లు కదపకుండా. పదోన్నతి గడిలో ‘ఒక్క విద్యార్థి’ బదులు ఎంతమంది మూడేళ్లూ జట్టులో నిలిచారు, ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు అన్నది విశ్వవిద్యాలయమైనా తన వంతుగా లెక్క కట్టాలి. దివిసీమ ఊళ్లలో పన్నెండు మంది దొరకడం కష్టమైతే టోక్యో ఒలింపిక్స్‌లో చేరిన ముగ్గురేసి ఆటతో మొదలుపెట్టవచ్చు. ఒక్క రింగు, మార్పు ఆటగత్తెతో కలిపి నలుగురు అమ్మాయిలు, నాలుగు సెంట్ల నేల.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం చదివే ఇళ్లలోనే ఉంది. ఈ కళాశాలల్లో చదివి హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో స్థిరపడ్డవారు తిరిగొచ్చినప్పుడు ఆర్చీలు కట్టించారు, గదులకు ఏసీలు పెట్టించారు. యూజీసీ ప్రారంభ మూలవేతనం లెక్కన ఒక కోచ్‌కు ఆరేళ్లకు అయ్యేది 42 లక్షల లోపు. ఇంక్రిమెంట్లు, భత్యాలు విశ్వవిద్యాలయం పెట్టుకోవచ్చు. ఈసారి పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు మీ బ్యాచ్ పేరు గోడ మీద రాయించకండి. ఆరేళ్ల జీతం విశ్వవిద్యాలయంలో డిపాజిట్ చేసి, ఆ పోస్టుకు మీ బ్యాచ్ పేరు పెట్టించండి.